ఓయివా ఊడ్చిన ఇళ్ళు

హిల్కా రాత్రిళ్ళు ఎవరికో ఉత్తరాలు రాస్తోందనీ, అందుకే ఆ ఇంటి కంప్యూటరుకు జబ్బు చేసిందనీ దుకాణంలో సైమి అన్నదట. చేపలు తూయించుకుంటూ నలుగురి మధ్యా అన్నదట, అంటే ఊరంతా విన్నట్టే. ఆ మాట సైమి పక్కింట్లో ఉండే ఓయివా చెవిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. అతను అప్పటికే కాలితో నెట్టుకుపోయే మంచుబండికి సంచీ కట్టుకుంటున్నాడు. సంచీలో రెండు సీడీలు, ఒక స్క్రూడ్రైవరు, దుమ్ము దులిపే కుంచె. వెళ్ళాల్సింది హిల్కా ఇంటికే.

ఓయివాకు యాభై ఎనిమిదేళ్ళు. టెలిఫోను సంఘంలో తీగల పని చేసినన్నాళ్ళూ స్తంభాలెక్కీ దిగీ కాళ్ళు దొడ్డికాళ్ళయ్యాయి. ఎడమ చెవి అంచు చలికి కమిలి, మాడిన రొట్టె అంచులా ఉంటుంది. లైను బాగుందో లేదో చూడ్డానికి రిసీవరు ఆ చెవికి ఆనించిన ప్రతిసారీ ఎవరిదో ఒక ఏడుపు, ఎవరిదో ఒక సరసం వినపడేది. ఒక్కటీ అతని నోరు దాటలేదు. పెళ్ళి కూడా కాలేదు. ఒకామెను ఒక మాట అడగాల్సి ఉండి అడగలేదు, అంతే.

సంఘాన్ని పెద్ద కంపెనీ మింగేశాక పని పోయింది గానీ, నోరు గట్టి మనిషన్న పేరు మిగిలింది. ఇంటింటికీ కంప్యూటర్లొచ్చి, వాటిలో దొంగ ప్రోగ్రాములు దూరడం మొదలెట్టాక, ఊరు అతన్నే పిలిచింది. కంప్యూటరు తెరిచి చూపించడమంటే పక్కలు దులిపి చూపించడమే. చూసి మరిచిపోయే మనిషి కావాలి.

మలుపులో జార్మో లారీ ఎదురొచ్చింది. హిల్కా మొగుడు. ఆ చుట్టుపక్కల రోడ్ల మీద మంచు తోసే గుత్త అతనిదే. అద్దం దించాడు.

"మా ఇంటికేనా?"

"ఊఁ."

"మెషీను నత్తలా పాకుతోందని నా బుర్ర తినేస్తోంది. ఊడ్చి పారెయ్యి. మరీ గచ్చు లేచొచ్చేలా ఊడ్చకేం," అని పెద్దగా నవ్వాడు. "ఈ మంచు ఆగేదాకా నాకు ఇల్లూ లేదు, వాకిలీ లేదు. నా వంతు బన్ను కూడా నువ్వే తినెయ్యి."

ఓయివా తల ఊపి బండి నెట్టుకుంటూ పోయాడు.

హిల్కా బడి వంటింట్లో పని చేస్తుంది. వేడినీళ్ళలో నానీ నానీ చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉంటాయి. అతను బూట్లు గుమ్మంలో విడిచి, చిరుగులు కుట్టిన మేజోళ్ళతో లోపలికొచ్చేసరికి కాఫీ దిగుతోంది. ఏలకుల బన్నులు బల్ల మీదున్నాయి. అతను సీడీ పెట్టి, దొంగలను పట్టే సాఫ్టువేరును నడిపించాడు. తెర మీద ఆకుపచ్చ గీత చీమలా కదలడం మొదలుపెట్టింది. అది కదిలినంతసేపూ ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. కాఫీ తాగుతారు, కిటికీలోంచి మంచును చూస్తారు. అదే పద్ధతి.

గీత చివరికొచ్చింది. తెరంతా ఎర్రటి వరసలు. జూదం ప్రకటనలు తెచ్చేవి, అడక్కుండా అంటుకున్నవి, ఏమేం చూశామో మోసుకెళ్ళి అమ్ముకునేవి. ఇవన్నీ చెప్పులకంటిన బురదలాంటివి, ఎవరింటికైనా వస్తాయి. అన్నిటికంటే కింద, ప్రింటరు తాలూకు దానిలా పేరు పెట్టుకుని ఇంకొకటి ఉంది.

ఓయివా దాన్ని గుర్తుపట్టాడు. పోయిన వేసవిలో ఇదే కుర్చీలో కూర్చుని తన చేత్తోనే తీశాడు. ఏ మీట నొక్కినా రాసిపెట్టుకుని రాత్రికి ఎవరికో పంపే రకం అది. దానంతటది రాదు. ఎవరో ఈ కుర్చీలో కూర్చుని పెట్టాలి, ఎవరికి పంపాలో చెప్పాలి. ఆ ఈమెయిలు చిరునామా అప్పుడూ చూశాడు, ఇప్పుడూ చూశాడు. లారీ తలుపు మీద రాసి ఉండేదే.

అప్పుడు అన్నిటినీ ఒక్క నొక్కుతో తుడిచేసి, "శుభ్రమైంది," అని, కాఫీ తాగి వెళ్ళాడు. శరదృతువులో హిల్కాకు తంపెరె పట్నంలో ఆసుపత్రి వంటింట్లో పని వచ్చినట్టే వచ్చి పోయింది. ఈమెకు మతి స్థిమితం లేదని ఎవరో అక్కడికి ఫోను చేశారట. అద్దె గది కూడా పోయింది. ఊరు నవ్వింది. ఓయివా నవ్వలేదు, మాట్లాడనూ లేదు.

ఇప్పుడు వేలు మౌసు మీద ఆగిపోయింది.

"ఏంటి, మళ్ళీ మొరాయించిందా?" అంది హిల్కా, గిన్నె తుడుస్తూ.

"ఇదొకటుంది. ఇది వచ్చింది కాదు హిల్కా. పెట్టింది."

"పెట్టడమేంటి?"

"నువ్వు రాసే ప్రతి అక్షరం జార్మోకి పోతోంది."

గిన్నె తుడిచే గుడ్డ ఆగింది. ఆమె వచ్చి అతని వెనక నిలబడి ఆ వరసను చదివింది.

"అందుకా," అంది. "తంపెరె సంగతి నేనెవరికీ చెప్పందే ఎట్టా తెలిసిందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నా." గుడ్డ బల్ల మీద పెట్టి, "శనివారం వస్తున్నానని రాత్రే మా అక్కకి రాశాను."

ఇద్దరూ కిటికీ వైపు చూశారు. మంచు ఇంకా పడుతోంది గానీ పలచబడింది. దూరంగా లారీ గీకుడు వినపడింది.

"పోయిన వేసవిలో కూడా ఉందా ఇది?"

లేదంటే సరిపోయేది. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఓయివా కప్పు అడుగున మిగిలిన గసిని చూశాడు.

"ఉంది."

హిల్కా లోపలి గదిలోకి వెళ్ళింది. సొరుగులు లాగిన చప్పుడైంది. మందపాటి కోటు తొడుక్కుని, ఒక్క సంచీతో బయటికొచ్చింది. ఓయివా గబగబా ఎర్ర వరసల మీదికి బాణం గుర్తు జరిపాడు.

"తుడిచెయ్యనా?"

"లే."

అతను లేచాడు. ఆమె కుర్చీలో కూర్చోకుండానే వంగి, రెండు వేళ్ళతో ఏదో టైపు చేసింది. చిన్న వాక్యమే. 'నేను వెళ్ళిపోయాను, ఇంక చదవడానికేమీ ఉండదు.'

"ఇది ఉండనీ. రాత్రికి చదువుకుంటాడు," అంది.

పాలకేంద్రం మలుపు దగ్గర మధ్యాహ్నం బస్సు ఆగుతుంది. ఆమె బూట్లు వేసుకుంటుంటే ఓయివా గుమ్మం పక్కన నిలబడ్డాడు. సంచీ తను మోస్తానందామనుకున్నాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నేనెప్పుడూ ఎవరింటి మాటా బయటపెట్టలేదు హిల్కా. ఇన్నేళ్ళలో ఒక్కరిది కూడా."

ఆమె తాళంచెవి బన్నుల పళ్ళెం పక్కన పెట్టి, తలుపు తీసింది.

"అవును. జార్మోకి బాగా పనికొచ్చావు."