నీళ్ళలో వేసే ముందు

మా లాండ్రీలో సగం పని ఎండ చేస్తుంది, మిగతా సగం అత్తయ్యా నేనూ. మధ్యాహ్నం పూట ఇస్త్రీ ఆవిరీ సబ్బు వాసనా గది నిండా కమ్ముకుంటే మేలుకున్నామో జోగుతున్నామో మాకే తెలియదు. అలాంటి ఒక మధ్యాహ్నం అత్తయ్య ఉన్నట్టుండి, "మీ మామయ్య మొహం రావట్లేదే," అంది.

"ఎక్కడికి?"

"కళ్ళు మూసుకుంటే. గొంతు వస్తోంది, నడక వస్తోంది. మొహం దగ్గరికి వచ్చేసరికి తెల్లగా అయిపోతోంది."

మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. చూపిద్దామంటే ఫోటో లేదు. ఆయన కెమెరా కనబడితే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. ఉన్న ఒక్క పెళ్ళి ఫోటోనీ చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు. ఆ చొక్కాను అత్తయ్యే ఒకరోజు జేబు చూడకుండా నీళ్ళలో వేసింది. అప్పటినుంచి జేబుల్లేని దుప్పట్లను కూడా తడమందే తడపదు. దొరికినవి ఎవరివి వాళ్ళకి అప్పగించందే నిద్రపోదు. ఇదేం చాదస్తమని నేను విసుక్కునేదాన్ని.

బట్టల టోకెన్లు రాసుకోవడానికని ఎదురింటి డ్రాయింగు మాస్టారి దగ్గర పాత కంప్యూటర్ కొన్నాం. ఎంచింది నేను, బేరమాడింది నేను, మురిసిపోయింది కూడా నేనే. తీరా తెచ్చి ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒకటే మాట: ఆపరేటింగ్ సిస్టమ్ లేదు.

కంప్యూటర్లు బాగుచేసే మా తమ్ముణ్ణి పిలిచాను. వాడొచ్చి పెన్ డ్రైవ్ గుచ్చి, "మిషన్ బానే ఉందక్కా. దాన్ని నడిపే సిస్టమే ఎగిరిపోయింది. డిస్కు మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కిస్తా, చిటికెలో పని," అన్నాడు.

అత్తయ్య చేతిలో దుప్పటి ఆగిపోయింది. "తుడిచేస్తావా? జేబులు చూశావా?"

"కంప్యూటర్‌కి జేబులేంటి అత్తయ్యా?" నేను నుదురు కొట్టుకున్నాను.

"ఇంకొకళ్ళు వాడిందేగా. చూడకుండా నీళ్ళలో వెయ్యనివ్వను."

ఆవిడ పట్టుబడితే దిగిరాదు. తమ్ముడు నవ్వుకుంటూ, పెన్ డ్రైవ్‌లోని సిస్టమ్‌తోనే కంప్యూటర్‌ను తాత్కాలికంగా నడిపించి డిస్కు తెరిచాడు. అంతా ఖాళీ, ఒక మూల మాత్రం మబ్బులు. మాస్టారు తన కిటికీలోంచి తీసిన ఆకాశాలు, వందలకొద్దీ. ప్రతి ఫోటో అడుగునా మా మేడ, మా తాళ్ళు, మా దుప్పట్లు. వాడు ఒక్కొక్కటే జరుపుతుంటే ఎండ, ముసురు, మళ్ళీ ఎండ. ఇస్త్రీ ఆవిరిలో ఏది ఏ ఏడాదో తెలియకుండా పోయింది.

"ఆగు," అంది అత్తయ్య.

తడి దుప్పటి అంచు ఎత్తి ఒక మనిషి వాన వస్తుందేమోనని పైకి చూస్తున్నాడు. నోటినిండా క్లిప్పులు. మామయ్య.

అత్తయ్య తడి చేతులు చీరకు తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది. తర్వాత బలవంతాన మొహం తిప్పేసుకుంది. "మాస్టారివి అవి. ముందు ఆయనకి చెప్పిరా."

నాకు ఒళ్ళు మండింది. "ఒక్కటి ఉంచుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

కాళ్ళీడ్చుకుంటూ ఎదురింటికి వెళ్ళాను. మాస్టారు రంగుల చేత్తోనే తలుపు తీశారు. "ఫోటోలు వేరేచోట దాచుకుని, అక్కడివి తుడిచేశాననే అనుకున్నానమ్మా. అవి వదిలేసి సిస్టమ్‌ని తుడిచానన్నమాట," అని నాలుక కరుచుకున్నారు. మామయ్య సంగతి చెప్పాను. "మబ్బులు నావి. మనిషి మీవాడు. ఉంచుకోండి," అన్నారు.

వచ్చి ఆ మాట చెప్పాక గానీ అత్తయ్య మళ్ళీ తెర వైపు తిరగలేదు. ఈసారి కళ్ళారా చూసుకుంది. ఎంతసేపు చూసినా తమ్ముడు తొందరపెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఫోటోలన్నీ పెన్ డ్రైవ్‌లో భద్రం చేశాకే వాడు కొత్త సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టాడు.

తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఉతికిన మూటకు ఆనుకుని అత్తయ్య నిద్రలోకి జారుకుంది. పెదాలు కదులుతున్నాయి, కనుబొమలు ముడిపడుతున్నాయి. కళ్ళు తెరిచేదాకా కదలకుండా కూర్చుని, "వచ్చారా?" అని అడిగాను.

"వచ్చారు," అంది విసుగ్గా. "నోట్లో క్లిప్పులు పెట్టుకుని ఏదో చెబుతారు. తీసి మాట్లాడండి అంటే వినరు."