తేలిగ్గా రాయమన్నారు

ఫ్రిజ్‌లో బార్లీ నీళ్ల సీసా అడుగున ఒక్క గుక్క మిగిలి ఉంది. హేరన్ ఆ సీసాని బయటికి తీసి, టిఫిన్ తింటున్న భర్త ముందు పెట్టింది.

"ఇది మళ్లీ లోపల ఎవరు పెట్టారు?"

గ్యూహో ఫోన్‌లోంచి తలెత్తలేదు. "నేనే. ఏం?"

"అయిపోయింది కదా."

"ఎక్కడ అయిపోయింది? ఉన్నాయిగా."

"ఇది ఒక గుక్క."

"గుక్కయినా నీళ్లే కదా. ఎవరు ఖాళీ చేస్తే వాళ్లే కాచాలని రూలు పెట్టింది నువ్వే. నేను ఖాళీ చెయ్యలేదు మరి."

పక్కన కూర్చున్న కూతురు గావన్ కిసుక్కున నవ్వింది. "నాన్న గెలిచాడు."

"గెలుపేముందమ్మా ఇందులో. నీళ్లు మరగబెట్టడానికి కూడా మీ అమ్మ పంచాయితీ పెడుతుంది. పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటుంది, అయినా సరే."

హేరన్ పెద్ద గిన్నెలో నీళ్లు పట్టి పొయ్యి మీద పెట్టింది. వేయించిన బార్లీ గుప్పెడు వేసింది. మరుపైతే క్షమించవచ్చు. కానీ సరిగ్గా ఒక్క గుక్క మిగలాలంటే మనిషి చూసుకుంటూ తాగాలి, ఎక్కడ ఆపాలో తెలిసి ఆపాలి. అంత జాగ్రత్తగా చేసే పనిని ఈ ఇంట్లో అందరూ మతిమరుపు అంటారు, నవ్వుకుంటారు. ఆమె కూడా ఇన్నాళ్లూ నవ్వింది.

ఇంట్లోనే ఉంటుందన్న మాట నిజమే. భోజనాల బల్ల మీదే ఆమె లాప్‌టాప్, ఆ బల్ల మీదే ఆమె ఉద్యోగం. శని ఆదివారాల్లో దేశమంతా చూస్తున్న సీరియల్‌కి ఆమె సహాయ రచయిత్రి. పెద్ద సినిమా హీరో, అతని వెంట తిరుగుతూ ఎండావానల్లో గొడుగు పట్టే మేనేజరు పిల్ల బోరా, వాళ్లిద్దరి ప్రేమ. కథ ప్రధాన రచయిత్రి గూ మేడమ్‌ది, పేరు గూ మేడమ్‌ది. మాటలు హేరన్‌వి. ఆఖర్న పేర్లు పైకి పాకేటప్పుడు ఆమె పేరు వచ్చేలోపే ప్రకటనలు మొదలవుతాయి. అత్తగారి దృష్టిలో ఆమె గూ మేడమ్ చెప్పింది టైపు చేస్తుంది. ఆడపడుచు మియోన్ దృష్టిలో మేడమ్‌కి కాఫీ కూడా తెచ్చి ఇస్తుంది.

ఆ మాటలన్నీ ఎక్కడివో గూ మేడమ్ ఎప్పుడూ అడగలేదు. "ఇది బాగుంది, కానీ బరువుగా ఉంది. కాస్త తేలిగ్గా చెయ్యి. మనది నవ్వుకునే సీరియల్" అంటుందంతే. హేరన్ తేలిగ్గా చేస్తుంది. గావన్ పుట్టి మూడు నెలలైనా కాకముందే తిరిగి పనిలో చేరినప్పుడు అత్తగారు ఈ బల్ల దగ్గరే కూర్చుని, "నా కొడుకు ముఖం సగమైపోయింది, నీ ముఖం మాత్రం బూరెలా పొంగింది" అంది. అప్పుడు హేరన్ ముఖం పొంగింది నిద్రలేక, ఏడ్చి. ఇప్పుడు అదే మాట సీరియల్‌లో హీరో తల్లి బోరాతో అంటుంది. బోరా వెంటనే బుగ్గలు పూరించి అద్దంలో చూసుకుంటుంది. జనం నవ్వడానికి వెనక డోలు మోగుతుంది. అలా ఒక్కో దెబ్బా అరగదీసి, రంగు వేసి, గిలక్కాయ చేసి జనం చేతుల్లో పెట్టడం ఆమె జీతం. మొదట్లో ఇది పగ తీర్చుకోవడమే అనుకుంది. కొన్నాళ్లకి తెలిసింది, పగ తీరాలంటే అవతలివాళ్లకి తగలాలి.

ఆ మధ్యాహ్నం గూ మేడమ్ ఫోన్ చేసింది.

"ఛానల్ వాళ్లకి ముగింపు నచ్చలేదు హేరన్. పెళ్లయ్యాక బోరా ఉద్యోగం మానేసి, చక్కగా హీరోకి లంచ్ బాక్సు కట్టుకుని షూటింగుకి వెళ్లాలట. యూనిట్ అంతా చప్పట్లు. రేపు సాయంత్రానికి పంపెయ్."

"బోరా ఎందుకు మానేస్తుంది మేడమ్? పని ఇష్టమని పదిహేను ఎపిసోడ్లు చెప్పాం కదా."

"ఎందుకేంటి, ప్రేమ. ఎక్కువ ఆలోచించకు, తేలిగ్గా రాసెయ్."

హేరన్ సరేనంది. ఆమె మనసులో ఇంకో మాట నలుగుతోంది. ఒక చిన్న నిర్మాణ సంస్థ ఆమెని సొంతంగా, సొంత పేరుతో సీరియల్ రాయమని అడిగింది. సోమవారంలోగా చెప్పాలి. గ్యూహో కాలి గోళ్లు తీసుకుంటున్నప్పుడు ఆ సంగతి చెబితే, కాగితం మీద గోళ్లు దులుపుతూ, "అమ్మ మోకాలి ఆపరేషన్ అయ్యాక చూద్దాంలే" అన్నాడు. ఆపరేషన్‌కీ ఆమె సీరియల్‌కీ సంబంధం ఏమిటో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

సాయంత్రం అత్తగారు, మియోన్ ఊరినుంచి వచ్చారు. మర్నాడు అత్తగారి పుట్టినరోజు. రాత్రి భోజనం గిన్నెలు సర్దుతూ హేరన్ వంటింట్లోంచే సీరియల్ విన్నది. "ముఖం సగమైపోయింది" అన్న మాట రాగానే అత్తగారు తొడ చరిచి నవ్వింది.

"ఏం మనిషే బాబూ ఇది. ఇలాంటి అత్తలు ఎక్కడుంటారో."

"కోడలి చేతి కూడే తింటుంది, ఏదో ఒక మాట అనకుండా మాత్రం తినదు" అంది మియోన్.

హేరన్ చేతిలో గిన్నెతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పంపు నుంచి నీళ్లు పోతూనే ఉన్నాయి.

తర్వాత వాన సీను వచ్చింది. హీరో బోరా చేతిలోంచి గొడుగు తీసుకుని, "ఇన్నాళ్లూ నువ్వు అందరికీ గొడుగు పట్టావు. ఇకనుంచి నీకు నేను పడతాను" అన్నాడు. మియోన్ దిండుని కావలించుకుంది. గ్యూహో కూడా కళ్లప్పగించి చూశాడు.

ఆ మాట గూ మేడమ్ ఒక్క అక్షరం మార్చలేదు. గావన్‌కి రెండేళ్లప్పుడు జ్వరం వస్తే, పిల్లని వీపుకి కట్టుకుని, టాక్సీ దొరక్క, హేరన్ వానలో నడిచి ఆసుపత్రికి వెళ్లింది. దారిలో ఫోన్ మోగింది. గ్యూహో. పిల్లకి ఎలా ఉందని అడుగుతాడనుకుంది. "నా గొడుగు ఎక్కడ పెట్టావు?" అన్నాడు. ఆ రోజు తనకి ఎవరైనా చెబితే బాగుండుననుకున్న మాటని ఇన్నేళ్లకి ఒక హీరో నోట పెట్టింది.

ఆదివారం పొద్దున్నే లేచి, పుట్టినరోజు నాడు తప్పనిసరిగా తాగే సముద్రపు నాచు సూప్ కాచింది. చేప వేయించింది, గొడ్డుమాంసం పక్కటెముకలు ఉడికించింది, ఐదు రకాల కూరలు చిన్న గిన్నెల్లో సర్దింది. అందరూ కూర్చున్నారు. అత్తగారు సూప్ చెంచాతో నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు కొంచెం తగ్గింది. పర్లేదులే, రాతపనిలో ఉండి ఉంటావు."

గ్యూహో చెంచా కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈసారి నీకు కానుక వస్తువు కాదు. హేరన్ సీరియల్ వచ్చేవారంతో అయిపోతుంది. ఇంక పని ఒప్పుకోదు. నీ ఆపరేషన్ ఇక్కడే చేయిద్దాం. ఆ తర్వాత కూడా మాతోనే ఉండిపో. తను చూసుకుంటుంది."

అత్తగారు చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుంది. గ్యూహో భార్య వైపు తిరిగాడు. సరిగ్గా హీరో ఆగినచోటే ఆగి, అంతే మెత్తగా అన్నాడు.

"ఇన్నాళ్లూ నువ్వు అందరికీ గొడుగు పట్టావు. ఇకనుంచి నీకు నేను పడతాను."

"అన్నయ్యా, చచ్చిపోతాను నేను" అంది మియోన్. "వదినా, ఏడుపు రావట్లేదా నీకు?"

రావట్లేదు. తన మాట తనకే ఎదురొచ్చి నిలబడితే హేరన్ దాన్ని మొదటిసారి సరిగ్గా విన్నది. గొడుగు ఒకళ్ల చేతిలో ఉంటే, వాళ్లు ఎటు నడిస్తే రెండోవాళ్లు అటే నడవాలి. బోరా నడుస్తూ నడుస్తూ లంచ్ బాక్సు దగ్గరికి చేరింది. ఇది రాసింది తను. దేశమంతా ఎంతమంది మగవాళ్లు ఈ పొద్దున ఈ మాట అప్పజెబుతున్నారో.

"ఆ మాట నేను రాశాను" అంది.

"తెలుసులే. నువ్వే టైపు చేసి ఉంటావు" అన్నాడు గ్యూహో, నవ్వుతూ.

"రాశాను. గావన్‌ని వీపున వేసుకుని వానలో నడుస్తుంటే మీరు మీ గొడుగు కోసం ఫోన్ చేశారు. అప్పటిది ఆ మాట." అత్తగారి వైపు తిరిగింది. "నిన్న మీరు నవ్విన మాట మాత్రం నేను రాయలేదు అత్తయ్యా. ముఖం సగమైపోయిందన్న మాట. అది మీరే అన్నారు, ఆ కుర్చీలోనే కూర్చుని. నేను దానికి డోలు మాత్రం పెట్టించాను."

గావన్ తల్లినీ నానమ్మనీ మార్చి మార్చి చూసింది.

"వదినా, పుట్టినరోజు పూట ఇదేం మాట" అంది మియోన్.

"పుట్టినరోజనే చీకటితో లేచి ఇదంతా వండాను. ఇప్పుడు చెబుతున్నా, అందరూ ఉన్నారు కాబట్టి. బోరా ఉద్యోగం మానే సీను నేను రాయను. తిన్నాక మేడమ్‌కి ఫోన్ చేసి చెబుతాను, కావాలంటే ఆవిడే రాసుకుంటుంది. రేపు నా సొంత సీరియల్‌కి సంతకం పెడుతున్నాను. ఇంటి బయట ఒక గది కూడా చూసుకుంటాను, ఈ బల్ల మీద ఇంక రాయను."

గ్యూహో ముఖంలో మెత్తదనం ఆరిపోయింది. "మరి అమ్మ ఆపరేషన్?"

"చేయిద్దాం. అత్తయ్య రావొచ్చు, ఉండొచ్చు. మీ ఆఫీసులో తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి సెలవిస్తారు, మీరు పెట్టండి."

"నేనా? ఆవిడకి ఏం కావాలో, ఏం పడుతుందో నాకేం తెలుసు?"

"నేను ఈ ఇంటికి వచ్చాక తెలుసుకున్నాను" అంది హేరన్, సూప్ గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "మీరు ఆవిడకి పుట్టారు."