పసుపు దంచడానికి వచ్చిన మనిషి

బాలమణి మొగుడు మస్కట్ నుంచి దిగి, తాను పంపిన వాయించుకునే కీబోర్డు ఏదని అడిగితే ఆమె ఒళ్లు హూనమవుతుంది. ఇందిరకు అన్నిటికంటే పెద్ద భయం అదే. ఆ కీబోర్డు నెల రోజులు ఇందిర ఇంట్లోనే ఉండిపోయింది.

నక్సలైటు అన్నలు ఊరొదలమని దొరల గడి తలుపుకు కాగితం అంటించిన వారానికే అత్తగారి కుటుంబం వెల్గటూరు వదిలి కోరుట్లలో అద్దెకు దిగింది. టేకు బీరువాలతోపాటు ఎవరూ వాయించని పియానో కూడా లారీ ఎక్కింది. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి పెళ్లిచేసిన ఇందిర దాని మీద పిల్ల గుడ్డలు ఆరేసేది, వెనక వీధి బాలమణి కీబోర్డు చంకన పెట్టుకుని వచ్చేదాకా.

అత్త ఇంట్లో లేని మధ్యాహ్నాలు ఇద్దరూ వాయించేవారు. పాటంటూ లేదు. ఇందిర పియానో మీద ఒక బరువు మెట్టు నొక్కితే, బాలమణి కీబోర్డులో పిల్లనగ్రోవినో గంటలనో మోగించి దాని వెంటపడేది.

"ఇందిరక్కా, నీ పెట్టె ముసలెద్దు లెక్క నడుస్తున్నది. జర జరుగుమను, నా లేగ ఉరుకుతది."

"ఉరికి గోడకు గుద్దుకుంటది, చూసుకో!"

పొద్దంతా "చారుల ఉప్పేది? పిల్ల ఏడ్సుడు ఇనస్తలేదా?" అని వినే చెవులు ఆ కాసేపే తనవనిపించేవి.

ఒకనాడు భర్త సుధాకర్ రావు, అత్త చెప్పకుండా వచ్చారు.

"ఎవరీమె?" అంది అత్త.

"పసుపు దంచనీకి అచ్చింది," అంది ఇందిర. ఆ మాట ఆమెతో ఎవరూ అనిపించలేదు.

"గా బాజా?"

"పిల్లకు... మా అన్న పంపిండు."

బాలమణి ఒక్కసారి ఆమె ముఖం చూసి, లేచి రోలు దగ్గర కూర్చుంది. పొద్దుగూకేదాకా దంచింది. అత్త గడప అవతల విస్తరాకులో అన్నం పెట్టి, ఎత్తు నుంచి చారు పోసింది. "చేతులు మంచిగాడుతున్నయి పిల్లా. రేపు గూడ రా." బాలమణి పసుపు వేళ్లతో తిని, వట్టి చేతులతో వెళ్లింది. ఇందిర నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

బాలమణి మళ్లీ రాలేదు. కోరుట్ల పక్కనున్న ఇబ్రహీంపట్నంలో తల్లిగారింటికి పోయిందనీ, మొగుడు వస్తున్నాడనీ తెలిసింది.

నిన్న వడ్డిస్తూనే చెప్పేసింది ఇందిర: "ఆమె కూలికి రాలె. మేమిద్దరం వాయించుకుంటుంటిమి. బాజా ఆమెది. నేనే అబద్ధమాడిన."

సుధాకర్ రావు కంచం నెట్టేశాడు. "గడి పాయె, ఇజ్జత్ గూడ తీస్తవా? గడప దాటితే చూడు!"

ఇవాళ తెల్లారి, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చి పాలు పోసే భూమవ్వ గంపలో ఇందిర కీబోర్డు పెట్టి పంపింది. అందిందో లేదో తెలియదు.

మీరెవరైనా ఇబ్రహీంపట్నం వైపు పోతే, బాలమణి ఎట్లా ఉందో ఒక్కసారి చూసి రండి. ఇందిరకు చెప్పేటప్పుడు మాత్రం, బాగాలేకపోతే బాగుందని చెప్పకండి.