డాక్టర్ ఫోగెల్ సంతకం

లైప్‌జిగ్‌లో ఫ్యామిలీ డాక్టర్లను పట్టుకోవడం కంటే గోదాట్లో పులసను చేత్తో పట్టడమే సులువని దేవకుమారికి నెల తిరక్కముందే తెలిసిపోయింది. ముసలివాళ్ళు ఇంట్లో ఎందుకు తూలి పడుతున్నారో తేల్చడానికి ఆమె ప్రొఫెసరు ఒక పరిశోధన తలపెట్టాడు. దానికి తమ రోగుల్ని పంపే డాక్టర్లు కావాలి. వాళ్ళను ఒప్పించే పని, పాలకొల్లు నుంచి జర్మనీకి మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఈ పిల్ల నెత్తిన పడింది. ఈమెయిల్ పెడితే జవాబుండదు. ఫోన్ చేస్తే సంగీతం వినిపిస్తుంది. పొరపాటున ఎవరైనా ఎత్తినా, ఉన్న రోగులకే టైం చాలడం లేదని మర్యాదగా పెట్టేస్తారు.

కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని ఎలాగో కొందరిని పోగేసింది. ఇంకొక్క క్లినిక్కు తగ్గింది. శుక్రవారంలోగా అది కూడా చేరకపోతే లైప్‌జిగ్‌లో పని ఆపేసి, మొత్తం హానోవర్ యూనివర్సిటీ వాళ్ళకు అప్పగిస్తానన్నాడు ప్రొఫెసరు. పనితోపాటు ఆమె థీసిస్ కూడా పోతుంది, చదువు మళ్ళీ మొదటికొస్తుంది.

మిగిలింది డాక్టర్ ఫోగెల్ ఒక్కరే. అరవై దాటిన మనిషి, నవ్వు ఖరీదైనదన్నట్టు ఉంటారు. సోమవారం వెళ్తే ఆవిడ వద్దని చెప్పేశారు. దేవకుమారి ఏమాత్రం నొచ్చుకోలేదు. అడగ్గానే సరేనంటే ఆ మనిషికి పరువేముంటుంది? పాలకొల్లులో ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ వద్దన్నారని, ఆ మాట పట్టుకుని ఉత్తచేతులతో పంపేసిన ఇల్లాలు మళ్ళీ చర్చిలో తలెత్తుకోగలదా? మంగళవారం మళ్ళీ వెళ్ళింది. ఆవిడ మళ్ళీ వద్దన్నారు, ఈసారి కాస్త గట్టిగా. పని దగ్గరపడుతోందని దేవకుమారి సంబరపడింది.

ఆమె గదిలోనే ఉండే కావ్యశ్రీది వరంగల్. ఈ సంబరం చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

"ఈడ వద్దంటే వద్దేనే. అపాయింట్‌మెంట్ లేకుండ మల్ల మల్ల వోతే పోలీసులను పిలుస్తరు."

"మూడోసారి కూడా అడక్కపోతే ఆవిడే నొచ్చుకుంటారే" అంది దేవకుమారి.

గురువారం వెళ్ళి, దగ్గుతున్న రోగుల మధ్య కూర్చుంది. డాక్టర్ ఫోగెల్ స్వయంగా బయటికొచ్చారు. ముఖం ఎర్రబడి ఉంది.

"రెండుసార్లు వద్దన్నాను. నా జర్మన్ మీకు అర్థం కాలేదా?"

"అర్థమైంది డాక్టర్. మీరు మనసారా వద్దన్నారో, మాటవరసకు వద్దన్నారో, అదే తెలియలేదు."

గదిలో దగ్గులు ఆగిపోయాయి. అదేమిటో చెప్పమన్నారావిడ. దేవకుమారి కాఫీ సంగతంతా చెప్పింది. మొదటి వద్దు మర్యాదకని, రెండోది బెట్టుకని, మూడోసారి అడిగితే గ్లాసు అందుకుంటారని. డాక్టర్ ఫోగెల్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. తన దగ్గరికొచ్చేవాళ్ళలోనూ చాలామంది అలాగే తూలి పడుతున్నారని, సరే చేరతానని, ఒప్పందం మీద ఇప్పుడే సంతకం పెట్టనా అని అడిగారు.

బుద్ధున్న మనిషెవరైనా అక్కడ పెన్ను తీసి చేతికిచ్చేవారు. మన దేవకుమారికి పీకలదాకా మొహమాటం ముంచుకొచ్చింది. అంత పెద్దావిడ, బయట అంతమంది రోగులు. అయ్యో తొందరేం లేదండీ, మీ వీలు చూసుకుని పెట్టండి అనేసింది. కాదు కాదు, ఇప్పుడే పెడతానని ఆవిడ అంటారని ఎదురుచూసింది కూడా. ఆవిడ థాంక్స్ చెప్పి, కాగితం సొరుగులో పెట్టేసి, రేపు మధ్యాహ్నం నుంచి సెలవు మీద వెళ్తున్నాను, తిరిగొచ్చాక చూస్తానన్నారు.

విని కావ్యశ్రీ తల పట్టుకుంది. "పొద్దుగాల్నే పోయి, నాకు ఇయ్యాల్నే గావాలె అని మొకం మీద అడుగు. లేకుంటే నీ థీసిస్ హానోవరోల్లకు నువ్వే అప్పజెప్పు."

మర్నాడు దేవకుమారి ట్రాములో కళ్ళు మూసుకుని, ఈ ఒక్కపూటకి నా మొహమాటం తీసెయ్యి తండ్రీ అని ప్రార్థన చేసుకుంది. వెళ్ళేసరికి డాక్టర్ ఫోగెల్ కోటు వేసుకుంటున్నారు.

"డాక్టర్, నిన్న నేను అబద్ధం చెప్పాను. నాకు చాలా తొందరగా ఉంది. ఈ సంతకం ఇవాళ పడకపోతే నా చదువు పోతుంది. ఇదిగోండి పెన్ను."

పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళతో అలా మాట్లాడటం అదే మొదలు. ఆమె చెవులు వేడెక్కిపోయాయి. డాక్టర్ ఫోగెల్ ఆ పెన్ను వంక నిదానంగా చూశారు.

"వద్దు" అన్నారు.

ఈ దేశంలో వద్దంటే వద్దేనని అప్పటికి దేవకుమారికి బాగా ఒంటబట్టింది. మళ్ళీ అడగలేదు. సెలవు బాగా గడపమని చెప్పి, తలుపుదాకా నడిచింది.

వెనకాల సొరుగు లాగిన చప్పుడైంది. తిరిగి చూస్తే, డాక్టర్ ఫోగెల్ కాగితం బల్ల మీద పరిచి, తన పెన్ను మూత తీసి పట్టుకుని, ఎంతో బుద్ధిగా కూర్చుని ఉన్నారు.

"ఎక్కడికి వెళ్తున్నారు? ఇంకా రెండుసార్లు అడగాలి కదా."