జెన్నిఫర్ పెళ్లికి కాగితం దండలు

సోంపేట దగ్గరి ఆ ఊళ్లో చర్చికి పండగ వచ్చిందంటే కాగితం దండలు తబితా చేతివే. పల్చటి రంగు కాగితాలు దొంతరగా పేర్చి, విసనకర్రలా మడతలు పెట్టి, నడుమ దారంతో బిగించి, కొసలు కత్తెరతో గుండ్రంగా కోసేది. తర్వాత ఒక్కొక్క పొరా మెల్లగా పైకి లేపుకుంటూ పోతే అరచేతిలో పువ్వు విచ్చుకునేది. తొందరపడితే చిరిగిపోతుంది. భర్త మోషే పోయాక ఆవిడ ఆ పని మానేసింది. మళ్లీ కత్తెర పట్టింది చెల్లెలి పెళ్లికే.

జెన్నిఫర్ ఆమెకు చెల్లెలన్న మాటే గానీ కూతురి కిందే లెక్క. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే తబితాయే పెంచి, చదివించింది. ఇప్పుడు జెన్నిఫర్ టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, అక్కడే గది తీసుకుని ఉంటోంది. పెళ్లికొడుకు సాల్మన్ రాజు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తా. తండ్రి లేడు. తల్లి సువార్తమ్మతో పక్క ఊళ్లో ఉంటాడు. నెమ్మదస్తుడు. కాగితాలు కాశీబుగ్గలో మంచివి దొరుకుతాయని తనే కొని, ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మరీ తెచ్చి ఇచ్చాడు.

అరుగు మీద కూర్చుని బూట్లు, మేజోళ్లు విప్పాడు. తబితా మజ్జిగ గ్లాసు అందించబోయి ఆగిపోయింది. మేజోడు అంచు అతని పిక్క మీద తాడు బిగించినట్టు గాడి పెట్టింది. పాదాలు నున్నగా ఉబ్బి ఉన్నాయి.

ఆ పాదాలు ఆవిడకు తెలుసు. మోషేకీ అలాగే మొదలైంది. కొబ్బరి తోటలో రోజంతా నిలబడ్డందుకు అనుకున్నారు. తర్వాత పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బడం, అన్నం సయించకపోవడం, విశాఖపట్నం ఆసుపత్రులు, రక్తం శుద్ధి చేసే మిషన్లు. తమ ఉద్దానం ఊళ్లలో ఆ కిడ్నీల జబ్బు తొక్కని వీధి లేదు. నీళ్లంటారు కొందరు, నేలంటారు కొందరు. ఎందుకొస్తోందో చెప్పినవాళ్లు లేరు.

"కాలు ఇలా పెట్టు బాబూ," అంది. అతనికి అర్థమయ్యేలోపే వంగి, బొటనవేలితో కాలి ఎముక మీద నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు.

సాల్మన్ రాజు కాలు వెనక్కి లాక్కున్నాడు. తర్వాత నిజం చెప్పాడు. విశాఖలో రక్తపరీక్ష చేయించుకున్నాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయని, మందులు తప్పకుండా వాడమని, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాడు. తల్లికి తెలుసు. పెళ్లయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చు, ముందు నోరెత్తకు అందట ఆవిడ.

"జెన్నీకి నానే సెప్తాను వదినా. నువ్వు సెప్తే నాను మోసం సేసినట్టుంతాది," అన్నాడు.

ఆదివారం ప్రార్థనకి వచ్చినప్పుడు చెబుతానన్నాడు. తబితా ఒప్పుకుంది.

జెన్నిఫర్ సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. ఇద్దరూ చాప పరుచుకుని దండల పనిలో పడ్డారు. తబితా మడతలు పెట్టి కోసి ఇస్తే, జెన్నిఫర్ పొరలు లేపేది. తెలుపు, గులాబీ పువ్వులు గది మూల కుప్ప పడుతున్నాయి. పెళ్లయ్యాక పలాసలో ఇల్లు తీసుకుంటామనీ, తను అప్ప అని పిలిచే అక్కను కూడా తీసుకుపోతాననీ జెన్నిఫర్ ఏవేవో చెబుతూనే ఉంది. ఊఁ కొట్టడం కూడా తబితాకి కష్టమైంది. కత్తెర పదే పదే గీత తప్పింది. పక్కింటి బొడ్డమ్మ దారాలు పేనడానికి వచ్చి, చెల్లెలు ఎల్లిపోతందని దిగులు కాబోలు అని ఓదార్చింది. అవునంది తబితా.

ఆదివారం సాల్మన్ రాజు వచ్చాడు. భోంచేశాడు. సూటు కుట్టే దర్జీ గురించి, బ్యాండు మేళం గురించి మాట్లాడాడు. పువ్వుల కుప్ప చూసి బాగున్నాయన్నాడు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. తబితా గేటు దాకా వెంట వెళ్లి నిలబడితే, ఆవిడ మొహంలోకి చూడకుండా, వచ్చే వారం చెబుతానన్నాడు. వచ్చే వారమే పెళ్లి.

తబితా లోపలికి వచ్చి చెల్లెలి ఎదురుగా కూలబడింది. చుట్టూ తిప్పకుండా చెప్పేసింది. జెన్నిఫర్ చేతిలో పువ్వు సగం విచ్చుకుని ఉంది. మిగిలిన పొరలు కూడా ఒక్కటొక్కటీ లేపి, పువ్వు పక్కన పెట్టి, అప్పుడు అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది అప్పా?"

"కాగితాలు తెచ్చిన రోజే."

"అయితే తెలిసే, ఇన్నాళ్లూ నాసేత ఈ పువ్వులు సేయించినావు."

తనే చెబుతానని అతను మాట ఇచ్చాడని తబితా ఏదో సర్దిచెప్పబోయింది. జెన్నిఫర్ వినలేదు.

"ఒకటి సెప్పు. బావకి ఈ జబ్బున్నాదని ముందే తెలిస్తే నువ్వు సేసుకునేదానివా?"

మోషే పోయిన దగ్గర్నుంచి ఓదార్చడానికి వచ్చిన ప్రతివాళ్లకీ తబితా ఒకే మాట చెప్పేది. దేవుడు ఆయనతో ఇచ్చిన రోజులు చాలు, ఏ ఫిర్యాదూ లేదని. ఇప్పుడూ ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ వ్యానులో ఆయన తల ఒళ్లో పెట్టుకుని విశాఖ వెళ్లిన ప్రయాణాలు గుర్తొచ్చాయి. చివర్లో దాహం దాహం అంటుంటే, నీళ్లు ఎక్కువివ్వొద్దన్నారని గ్లాసు వెనక్కి తీసుకున్న తన చెయ్యి గుర్తొచ్చింది.

"సేసుకునేదాన్ని కాదు," అంది. మోషే పక్కగదిలో వింటున్నాడన్నట్టు గొంతు దానంతటదే తగ్గిపోయింది.

మర్నాడు జెన్నిఫర్ మొదటి బస్సుకి సాల్మన్ రాజు ఊరికి వెళ్లింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. అతని తల్లి ఎదురుగానే అడిగాననీ, అతను ఏడ్చాడనీ, పెళ్లి వద్దని చెప్పి వచ్చాననీ అంది. జబ్బు గురించి కాదు, ఎదురుగా కూర్చుని అన్నం తిని, బ్యాండు మేళం గురించి మాట్లాడి వెళ్లాడే, అది తట్టుకోలేకపోతున్నానంది. సంచి సర్దుకుని టెక్కలి వెళ్లిపోయింది. వెళ్తూ అక్క వైపు చూడలేదు.

సాయంత్రం సువార్తమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడి, వీధంతా వినేలా తిట్టింది. తన కాపురం కూలిందని చెల్లెలి కాపురం మొదలు కాకుండానే కూల్చిందంది. చర్చిలోనూ కొందరు ఆ మాటే నమ్మారు. తబితా పక్క చాప మీద కూర్చునే ఆడవాళ్లు కాస్త ఎడంగా జరిగారు. కట్టిన దండలన్నీ పాస్టరుగారు కోతకాలపు పండగకి పట్టుకుపోయారు. వాటి కింద కూర్చుని పాటలు పాడడం తన వల్ల కాదని ఆ ఆదివారం తబితా ఇంట్లోనే ఉండిపోయింది.

జెన్నిఫర్ ఊరికి రావడం మానేసింది. బొడ్డమ్మ ఇంటికి ఎప్పుడైనా ఫోను చేసేది. తబితా వెళ్లి బాగున్నావా అని అడిగితే, బాగున్నానని పెట్టేసేది. సాల్మన్ రాజు కూడా ఎవరి ఇంటికీ పోవడం లేదనీ, మందులు మాత్రం మానకుండా వాడుతున్నాడనీ ఆ నోటా ఈ నోటా వినబడేది.

జీడితోటలు పూతకొచ్చిన రోజుల్లో ఒక ఉదయం జెన్నిఫర్ చెప్పకుండా వచ్చింది. మంచం మీద కూర్చుంది. సాల్మన్ రాజు టెక్కలి వచ్చి, తన గది ముందు నిలబడి, దాచిందంతా ఒక్కటీ మిగల్చకుండా చెప్పుకున్నాడంది. అతనితో కలిసి విశాఖ వెళ్లి డాక్టర్ని తానే అడిగిందట. జాగ్రత్తగా ఉంటే కొన్నేళ్లు బండి నడుస్తుంది, ఎన్నేళ్లో నేను చెప్పలేనన్నాడట ఆయన.

"నువ్వు సేసుకునేదాన్ని కాదన్నావు. ఆ మాట నాకు నెలల తరబడి నిద్రలేకుండా సేసింది అప్పా. అయినా నాను సేసుకుంతాను. తెలిసి సేసుకుంతాను."

తబితాకి వద్దని అరవాలనిపించింది. మిషను పక్కన కూర్చున్న గంటలన్నీ విడమర్చి చెప్పాలనిపించింది. ఈ పిల్లకి అవేవీ కొత్త కావు. మోషేకి మందులు అందించింది, పక్క మార్చింది ఈ పిల్లే.

"భయం నేదా?" అని మాత్రం అడిగింది.

"ఉన్నాది."

"మరి ఆ బాబేడి?"

జెన్నిఫర్ వీధి వైపు చూసింది. కొబ్బరిచెట్టు పక్కన ఎండలో సాల్మన్ రాజు నిలబడి ఉన్నాడు, గేటు తీయడానికి ధైర్యం చాలక. కొంచెం చిక్కాడు. తబితా లేచి, కొంగుతో మొహం తుడుచుకుని వాకిట్లోకి వెళ్లింది. సంతోషంగా ఉందో, ఇంకో చావుకి తలుపు తీస్తోందో ఆవిడకే తెలియలేదు. గేటు గడియ తీసి పట్టుకుంది.

"ఎండలో ఎందుకు బాబూ," అంది. "లోపలికి రా."