ఒక్కటే గుడ్డు

బాత్రూం గడప దగ్గర ధబ్బుమన్న చప్పుడు. పైడమ్మ స్టవ్ మీద గుడ్డు ఉడకబెడుతున్నదల్లా అలాగే వదిలేసి పరుగెత్తింది.

మొగుడు సన్యాసిరావు తడినేల మీద పక్కకు పడి ఉన్నాడు. పక్షవాతం తినేసిన ఎడమకాలు కిందికి మడతపడింది.

"ఎత్తకే. పక్కింటి సుమన్ వొచ్చీదాక ఉండు."

"పక్క క్వార్టర్లోళ్లంతా డ్యూటీలో ఉన్నారు. సుమన్ డ్యూటీ దిగీసరికి మజ్జానం దాటిపోద్ది. అందాక నీళ్లల్లో పడుంతావా? నా రాళ్ల ముందు నువ్వెంత?"

"నీ రాళ్లకి మీసాలున్నాయేటి?"

ఇనప గనుల ఊరు బచేలిలో ముసురు పట్టి ఎండ మొహం చూసి చాలా రోజులైంది. ఆయన్ని మంచం మీంచి లేపడానికి ఆమె తప్ప మనిషి లేదు. అరవై దాటిన ఆమె నడుం పడిపోతే ఆయనా పడిపోయినట్టే. ఆ భయంతోనే ఫిజియోథెరపీ లలిత చెప్పినట్టు బరువులెత్తడం మొదలుపెట్టింది. కొండ దిగువన ఏరిన రెండు ఇనప రాళ్లను పాత జాకెట్ గుడ్డతో సంచులు కుట్టి అందులో వేసుకుంది. చూడ్డానికి చిన్నవే, ఎత్తితే భుజం లాగేస్తాయి.

"బరువొక్కటే చాలదు పిన్నీ," అని లలిత ప్రతిసారీ చెప్పేది. "నీ ఎముకలు గుల్లబారిపోయున్నాయి. గుడ్డు, పప్పు, పెరుగు, చోడిజావ కడుపులో పడాలి. తినకుండా ఎత్తితే ఉన్న కండ కూడా కరిగిపోద్ది. గుడ్డు తింటన్నావా?"

"తింటన్నానమ్మా."

తినడం లేదు. చేప ముక్కయినా గుడ్డయినా మగాడి కంచంలో పడ్డాకే ఆమె కూర్చునేది. అప్పటికి పులుసే మిగిలేది. తన కోసం ఇంకొకటి ఉడకబెట్టుకోవడానికి చెయ్యి వచ్చేది కాదు. ఆయన అడిగితే వంటింట్లోనే తినేశానని చెప్పేది. రాళ్లెత్తుతున్నాను కదా, బలం అదే వస్తుందనుకుంది.

ఆయన చంకల కింద చేతులు వేసి, మోకాళ్లు వంచి లేపింది. ఆయన సగం లేచాడు. ఆమె నడుంలో ఏదో పటుక్కుమంది.

ఇద్దరూ కింద పడ్డారు. ఆమెకు అరుపు కూడా రాలేదు.

కాసేపటికి ఆయన ముక్కు ఎగబీల్చాడు. "ఏటే ఆ వాసన?"

"గుడ్డు. నీళ్లు ఇంకిపోయినట్టున్నాయి."

"పోన్లే, గుడ్లు మాడితే మాడనీ."

"ఒక్కటే."

ఆయన తల తిప్పి ఆమెను చూశాడు. "మరి నీది?"

పైడమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. వంటింట్లో స్టవ్ పైన తాడు మీద తడి ఆరని లుంగీ ఉంది. తొందరగా ఆరుతుందని పొద్దున తానే మంటకు దగ్గరగా వేలాడదీసింది. పక్కనే సిలిండర్.

కాళ్లు కదిలిస్తే ప్రాణం పోతోంది. బోర్లా తిరిగి మోచేతుల మీద పాకింది. చేతులు మాత్రం మాట విన్నాయి. ఆమె వంటింటి గుమ్మం చేరేసరికి లుంగీ అంచు అంటుకుంది. నేలమీంచే చెయ్యి చాచి సిలిండర్ రెగ్యులేటర్ తిప్పేసింది. కాలుతున్న గుడ్డను కిందికి లాగి తడికొంగుతో అదిమింది.

సుమన్ వచ్చేదాకా ఆమె వంటింట్లో, ఆయన బాత్రూంలో.

ఆస్పత్రిలో చెరో వార్డు. పైడమ్మ వెన్నుపూస చితికింది. ఆమె లేచినా, ఇక మనిషిని ఎత్తే పని మాత్రం పెట్టుకోకూడదన్నారు. మర్నాడు మధ్యాహ్నం భోజనంలో గుడ్డొచ్చింది. పైడమ్మ అలవాటు కొద్దీ దాన్ని కంచం పక్కకు నెట్టింది.

"ఆయనకిచ్చీ లలితా."

లలిత చేతిలో ఇంకో గుడ్డుంది. "బాబాయే పంపాడు. నువ్వు తిన్నావని నేనెళ్లి చెప్పీదాకా అన్నం ముట్టనన్నాడు."

పైడమ్మ రెండు గుడ్లనీ చూసింది. "అక్కడ ఆయన్నెవులు లేపుతున్నారు?"

"వార్డు బాయ్ ఉన్నాడు."

"ఇంటికెళ్లాక?"

లలిత తల వంచుకుని గుడ్డు పెంకు ఒలవసాగింది.