పరగడుపున రాని హైమావతి

నేను ఒక యంత్రాన్ని. కొయ్యకుండా, సూది గుచ్చకుండా మనిషి కాలేయం ఎంత గట్టిపడిందో చెప్పడం నా వృత్తి. పూర్వం ఈ సంగతి తెలియాలంటే పక్కటెముకల సందులోంచి పెద్ద సూది దింపి, లోపలి ముక్క తీసి చూసేవారట. నాకు అంత క్రూరత్వం లేదు. టార్చిలైటంత పరికరం ఒకటి నాకు తీగతో వేలాడుతుంటుంది. దాని మొనకు చల్లటి జెల్ రాసి కుడి పక్కటెముకల మధ్య ఆనిస్తే టక్కున చిన్న దెబ్బ వేస్తాను. ఆ కదలిక మెత్తటి కాలేయంలో నిదానంగా పోతుంది, మచ్చలు కట్టి బిగుసుకున్న దానిలో పరుగెత్తుతుంది. అలా పది దెబ్బలు వేసి ఒక అంకె చెబుతాను. ఏడు లోపైతే మనిషి లేచి చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుంటాడు. పన్నెండు దాటితే తోడొచ్చినవాళ్లు ముందు ఏడుస్తారు.

సముద్రం అవతలెక్కడో పుట్టి, మొదట హైదరాబాదులో ఒక అద్దాల ఆసుపత్రిలో కాపురం పెట్టాను. నేనేమీ అడగకపోయినా, అక్కడికొచ్చే పెద్దమనుషులు "వారానికోసారే తాగుతాం" అని ప్రమాణం చేసేవారు. కొత్త మోడల్ రాగానే నన్ను విజయనగరం దగ్గర ఒక సర్కారు ఆసుపత్రికి దానమిచ్చి, దానమిచ్చినందుకు ఫొటో తీయించుకున్నారు. అక్కడ హైమావతి చేతిలో పడ్డాను.

హైమావతి నలభై దాటిన నర్సు. రోజుకు పాతికమందిని పడుకోబెట్టి, "భయపడకండి, నొప్పుండదు. మూడు గంటలుగా ఏమీ తినలేదు కదా?" అని అడిగేది. తిని వస్తే కాలేయానికి రక్తం ఎక్కువ చేరి నా అంకె పెరిగిపోతుంది. రెండు ఇడ్లీలే తిన్నానని బతిమాలినవాణ్ణి కూడా వెనక్కి పంపేసేది. అంత నిక్కచ్చి మనిషి.

ఆ నిక్కచ్చి మనిషికే హెపటైటిస్-బి ఉందని నాకొక్కదానికే తెలుసు, తనే చెప్పుకుంది. పదకొండేళ్ల కిందట వార్డులో ఎవరికో వాడిన సూది ఆవిడ వేలికి గుచ్చుకుంది. టీకా మూడో మోతాదు రేపు, ఎల్లుండి అనుకుంటూ వాయిదా వేసిన ఏడాదే అది. ఆ తర్వాత ఇంకో ఊళ్లో మారుపేరుతో రక్తపరీక్ష చేయించుకుంది. మొగుడికి టీకాలైతే వేయించింది గానీ, ఎందుకో చెప్పలేదు. తెలిస్తే ఇంట్లో తన కంచం వేరు చేస్తారని భయం. గది ఖాళీగా ఉన్నప్పుడు నన్ను తుడుస్తూ, "ఇవాళ టిఫిన్ తినేశానే. రేపు పరగడుపున వస్తాను, నన్నూ చూద్దువుగాని" అనేది. ఆ రేపు ఆరేళ్లపాటు రాలేదు. నాకు దొరక్కుండా ఉండటానికే ఆవిడ పొద్దున్నే తినేదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఒకరోజు ఆవిడ ఈడుదే, బట్టలు కుట్టుకునే మనిషి వచ్చింది. పదేళ్లుగా ఇదే జబ్బు. ముప్పై నాలుగు చూపించాను. "నాకు ఏ నొప్పీ లేదు గదమ్మా!" అంటూ ఆమె హైమావతి చెయ్యి వదల్లేదు. హైమావతికీ ఏ నొప్పీ లేదు.

మర్నాడు ఆవిడ తినకుండా వచ్చింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక గడియ పెట్టి, మంచమెక్కి, కుడిచెయ్యి తలకింద పెట్టుకుని, ఎడమచేత్తో నన్ను తన పక్కటెముకలకు ఆనించుకుంది. నేను నిటారుగా, నిలకడగా ఉంటే తప్ప లెక్క రాదు. దెబ్బ తప్పింది. మళ్లీ తప్పింది. ఎనిమిదిసార్లు వేస్తే ఒక్కటీ నిలవలేదు. ఆవిడ గుండె దడ నా మొనకు తెలుస్తూనే ఉంది. నిజం చెప్పొద్దూ, నాకూ భయం వేసింది. ఎవరి అంకె గురించీ నేనంతకు ముందు బెంగపడలేదు.

తలుపు చప్పుడైంది. గది తుడిచే పైడితల్లి.

"ఏటి సిస్టరమ్మా, గడియెట్టీసినారు? ఒంట్లో బాగోలేదేటి?"

హైమావతి నన్ను పక్కన పెట్టింది. తర్వాత లేచి గడియ తీసింది. "ఇది పట్టుకో పైడితల్లీ. నా చెయ్యి నిలవట్లేదు."

"నానా? నాకేటి తెలుస్తాది?"

"నేను చూపించిన చోట కదపకుండా ఉంచు, చాలు. మీట నేను నొక్కుతాను." గొంతు తగ్గించి, "రోజూ వచ్చేవాళ్లకి ఉన్న జబ్బే నాకూ ఉంది. ముట్టుకుంటే అంటదు" అంది.

పైడితల్లి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "అంటదని అందరికీ మీరే సెప్తారు గదమ్మా. పడుకోండి." చీపురు పట్టిన చెయ్యి రాయిలా నిలబడింది. పది దెబ్బలూ నిలిచాయి.

పది పాయింట్ నాలుగు.

అంటే మచ్చ పడింది, ఇంకా ముదరలేదు. ఆరేళ్ల కిందట ఎంతుండేదో నాకు తెలియదు. నేను ఇవాళ్టిదే కొలవగలను. హైమావతి అంకె వంకే చూస్తూ, "ఇన్నాళ్లూ ఎదురుగానే ఉన్నావు" అంది. ఆ మాట తిట్టులా తగిలింది.

ఇప్పుడు నా తెర పోయింది. విరిగిన చక్రాల కుర్చీల మధ్య స్టోరులో ఉన్నాను. ఆవిడ తర్వాతి అంకెలు వేరే యంత్రం చూసుంటుంది. నాకు తెలిసింది ఆ మధ్యాహ్నం వరకే. ఆ రోజు నా గది తలుపు తెరిచే ఉంది కాబట్టి చూశాను, విన్నాను.

సిబ్బంది నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లొచ్చు. ఆవిడ వెళ్లలేదు. చీటీ పట్టుకుని బయట రోగుల బల్ల మీద చివర కూర్చుంది. పొద్దున పరీక్ష చేయించుకున్న ముసలాయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

"మీరేటి సిస్టరమ్మా, ఇక్కడ కూకున్నారు?"

"చూపించుకోడానికి."

"మీకూ ఉందేటి?"

"ఉంది బాబూ" అంది హైమావతి. "పదకొండేళ్లుగా ఉంది. చాలా భయంగా ఉంది."